తరవాణి కుండ, కల్లు లొట్టి: మన పులుపు చరిత్ర



ఈసారి రాస్తున్నది పులుపు గురించి. చింతపండు పులుపు కాదండీ, పులియబెట్టిన పులుపు. ఒక విడత పులిసినదాంట్లో కొంచెం దాచి రెండో విడతలో కలపడం, రెండోదాంట్లో కొంచెం దాచి మూడోదాంట్లో కలపడం, అలా ఏళ్ళ తరబడి ఒకే సరుకును బతికించుకుంటూ రావడం, ఈ పద్ధతి చరిత్ర. పెరుగు విషయంలో దీన్ని మనం తోడు అంటాం, కొన్ని ఇళ్ళల్లో చేమిరి అంటారు. మేము చదివింది తమిళ మీడియం, రైల్వేలో గుమాస్తాగా పనిచేసింది కూడా ఎక్కువ అరవదేశంలోనే కాబట్టి మా ఇంట్లో 'ఉరై' అనే మాట కూడా తిరుగుతుంటుంది. ఈ వ్యాసంలో అన్నిటికీ కలిపి తోడు అనే మాటే వాడుతున్నాం. పెరుగుకే కాదు, అన్నానికీ కల్లుకీ కూడా తోడు ఉంది. కొంచెం పొడుగు వ్యాసం, తీరిగ్గా చదువుకోండి.

ముందు తరవాణి సంగతి. గోదావరి జిల్లాల ఇళ్ళల్లో, ముఖ్యంగా అగ్రహారాల్లో, వంటింటి మూల ఒక మట్టికుండ ఉండేది. అన్నం వార్చిన గంజి, నీళ్ళు అందులో పోసేవారు. రెండు మూడు రోజులకు అది పులిసేది. రాత్రి మిగిలిన అన్నంలో ఆ పుల్లని నీళ్ళు పోసి ఉంచితే పొద్దునకు తరవాణి అన్నం తయారు. ఉప్పు వేసుకుని, ఆవకాయ బద్ద నంజుకుని తిని పొలానికో బడికో పోయేవారు. కుండలో దబ్బాకు వేసే ఇళ్ళు ఉన్నాయి, వాము వేసే ఇళ్ళు ఉన్నాయి. పద్ధతులు వేరైనా ఒక నియమం మాత్రం అందరిదీ ఒకటే. కుండను పూర్తిగా ఖాళీ చెయ్యరు. ఎంత నీళ్ళు తీశారో అంత కొత్త గంజి పోస్తారు. అడుగున ఉన్న పాతది కొత్త గంజిని పులియబెడుతుంది. కోడలు కాపురానికి వచ్చేటప్పటికే ఉన్న కుండ, ఆవిడ అత్తగారయ్యేటప్పటికీ అలా నడుస్తూనే ఉండేది. పేదవాళ్ళ ఇళ్ళల్లో ఇదే పని కలి చేసేది. 'కలో గంజో తాగి బతికాం' అని మన పెద్దవాళ్ళు అనేది దీన్నే. అరవదేశంలో పళైయ సోరు, నీరాగారం అంటారు. ఆయుర్వేదంలో కాంజికం, ధాన్యామ్లం అని దీనికి దగ్గరి చుట్టాలున్నాయి.

ఇక రెండో పాత్ర, కల్లు గీసేవారి లొట్టి. తాటిచెట్టు పూగెల చివర రోజూ పల్చగా చెక్కి, దాని కింద లొట్టి కట్టి దింపుతారు. చెట్టు నుంచి కారేటప్పుడు ఆ నీరు తియ్యగా ఉంటుంది, నూటికి పది పాళ్ళకు పైగా చక్కెర ఉంటుంది. గాలిలో, చెట్టు మీద, పురుగుల కాళ్ళ మీద ఉన్న సూక్ష్మజీవులు ఎలాగూ అందులో పడతాయి. కానీ గీసేవారు వాటి కోసం ఎదురుచూడరు. లొట్టిని దింపి కల్లు వంపుకున్నాక అడుగున కొంచెం మడ్డి ఉండనిచ్చి మళ్ళీ కడతారు. ఆ మడ్డే తోడు. కొత్త రసం బొట్టు బొట్టుగా దాని మీద పడుతుంటే అక్కడే, చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. అందుకే పొద్దున దింపిన కల్లు అప్పటికే నురగ కడుతూ ఉంటుంది.

అదే తియ్యగా కావాలంటే ఏం చేస్తారో చూడండి. లొట్టిని బాగా కడిగి లోపల సున్నం పూస్తారు. సున్నం పులుపుకు విరుగుడు, సూక్ష్మజీవులకు గిట్టదు. రసం పులవకుండా నిలుస్తుంది. దాన్నే మనం నీరా అంటాం, అరవవాళ్ళు పదనీర్ అంటారు. విళుప్పురం నుంచి దక్షిణానికి పోయే దారిలో వేసవిలో తాటాకు దొన్నెల్లో అమ్మే పదనీర్ మేము ఎన్నిసార్లు తాగామో లెక్కలేదు. తాటిబెల్లం కాచేది కూడా ఈ పులవని రసంతోనే. అంటే అదే చెట్టు, అదే మనిషి, అదే లొట్టి. మడ్డి ఉంచితే కల్లు, సున్నం పూస్తే నీరా. బడి మెట్లెక్కని గీత కార్మికుడి చేతిలో ఎంత శాస్త్రం ఉందో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

ఈ కుండల్లో ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. కల్లులో పనిచేసేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ఈస్ట్, ఇది చక్కెరను మద్యంగా మార్చి బుడగలు పుట్టిస్తుంది. ఈ పనిలో దానికి సాయంగా జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఉంటుంది. పౌల్ లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని మెక్సికోలో కలబందలా కనిపించే మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో 1920ల్లో పట్టుకున్నాడు. మన తాటికల్లులోనూ అదే దొరుకుతుంది. రెండో రకం లాక్టిక్ బాక్టీరియా, అంటే పెరుగులో ఉండే జాతి, ఇది పులుపునిస్తుంది. మూడోది అసిటిక్ బాక్టీరియా, ఇది మద్యాన్ని వెనిగర్‌గా మారుస్తుంది. మొదటి రెండూ గాలి లేకపోయినా పనిచేస్తాయి. మూడోదానికి గాలి తప్పదు. పొద్దుటి కల్లు సాయంత్రానికి పులిసి, మర్నాటికి ముక్కు మూసుకునేలా తయారవడానికి కారణం ఇదే. ముగ్గురూ వరసగా పనికి దిగుతారు.

తరవాణిలో పెత్తనం లాక్టిక్ బాక్టీరియాది, ఈస్ట్‌ది వెనకబెంచీ. గంజిలో చక్కెర తక్కువ కాబట్టి మత్తు మాట రాదు, పులుపే వస్తుంది. ఇడ్లీ పిండి కథ కూడా దీనికి దగ్గరిదే. ఇడ్లీ పిండి పొంగడానికి ల్యూకోనోస్టాక్ అనే లాక్టిక్ బాక్టీరియా ముఖ్య కారణమని 1965లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన నానమ్మలు ఆ పేరు వినలేదు, కానీ పాత పిండి ఒక గరిటె కొత్త పిండిలో కలపాలని వాళ్ళకు తెలుసు.

ఈ విషయం మీద మాకు ఆసక్తి కలిగింది మా మేనల్లుడి వల్ల. వాడు అమెరికాలో ఉంటాడు. ఇంట్లో పుల్లబీరు కాస్తాడు. అక్కడ 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం తర్వాత సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడం కేంద్ర ప్రభుత్వం దృష్టిలో నేరం కాదు. మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు చట్టం కింద కేసే కాబట్టి ఎవరూ ఉత్సాహపడవద్దు. వాడు ఒక విడత బీరు సీసాల్లోకి ఎత్తాక అడుగు మడ్డిని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచుకుంటాడు, తర్వాతి విడతకు అదే తోడు. ఒకసారి ఫోనులో "మావయ్యా, మొదటి మూడు విడతలు బ్రహ్మాండంగా వచ్చాయి, ఇప్పుడు నోట్లో పెట్టుకోలేనంత పులుపు వస్తోంది" అన్నాడు.

దీనికి కారణం తోడు స్వభావంలోనే ఉంది. ఒకే మడ్డిలో ఈస్ట్, బాక్టీరియా కలిసి ఉన్నప్పుడు వాటి పాళ్ళు విడత విడతకూ మారిపోతాయి. పులుపు పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసిస్తుంది, పులుపుకు తట్టుకునే బాక్టీరియా బలుస్తుంది. ఆ మడ్డిని మళ్ళీ వాడితే బలిసినదే ముందుకు వస్తుంది. అందుకని బీరు కాచేవాళ్ళు మడ్డి తక్కువ వేస్తారు, పక్కన కొత్త ఈస్ట్ కలుపుతారు, లేదా హాప్స్ అనే చేదు పూలు కొంచెం ఎక్కువ వేస్తారు. చేదు బాక్టీరియాను అదుపులో పెడుతుంది. గాలి తగలకుండా మూత బిగిస్తారు, లేకపోతే వెనిగర్ అవుతుంది. తోడుకు ఎప్పటికప్పుడు మేత వేస్తారు, వెయ్యకపోతే చస్తుంది. కుళ్ళు వాసన వచ్చిన విడత నుంచి తోడు తియ్యరు.

ఇవన్నీ మన కుండల నియమాలే కదండీ! గీసేవారు లొట్టిలో మడ్డి కొంచెమే ఉంచుతారు, ఎక్కువ ఉంచితే కల్లు తెల్లారేసరికే పులిసిపోతుంది. పులుపు మితిమీరితే లొట్టిని కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మొదలుపెడతారు. తరవాణి కుండకు రోజూ గంజి పొయ్యాలి, మూత పెట్టాలి, తడిచెయ్యి పెట్టకూడదు, ఎంగిలి తగలకూడదు. ఎంగిలి, మడి అని పెద్దవాళ్ళు చెప్పినదాంట్లో ఆచారం ఎంతో, తోడును కాపాడుకునే జాగ్రత్త కూడా అంతే ఉంది.

ఇక చరిత్ర. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడు అనే అధికారికి ఒక అధ్యాయమే ఉంది. ఈ గ్రంథం తాటాకు ప్రతి మైసూరులో ఆర్. శామశాస్త్రి గారికి 1905లో దొరికింది, 1909లో అచ్చయింది. అందులో కిణ్వం అనే మాట వస్తుంది. మినుములు, బియ్యం, కొన్ని మూలికలు కలిపి చేసే తోడు ముద్ద అది. మద్యం అమ్మకం మీద రాజు పెత్తనం, పన్ను, కల్తీకి శిక్ష అన్నీ ఆ అధ్యాయంలో రాశారు. రెండు విషయాలు మాత్రం మమ్మల్ని ఆపాయి. ఒకటి, పండుగలకూ జాతరలకూ నాలుగు రోజులపాటు జనం సొంతంగా చేసుకోవచ్చని సడలింపు ఇచ్చారు. రెండోది, సురకూ కిణ్వానికీ సంబంధించిన ఆ పని ఆడవాళ్ళూ పిల్లలూ చెయ్యాలని రాశారు. అంటే పన్ను లెక్క అధికారిది, తోడు పని ఆడవాళ్ళది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇదే వరస. లెక్క రాసినవాడు చరిత్రలో ఉన్నాడు, కుండ కాపాడిన మనిషి పేరు ఎక్కడా లేదు.

తమిళ బళ్ళో మేము తిరుక్కురళ్ చదివాం. అందులో 'కళ్ళుణ్ణామై' అని కల్లు తాగకూడదని ఒక అధ్యాయం ఉంది, పది కురళ్లు. అదే బళ్ళో పురనానూరు కూడా చెప్పారు. అందులో అదియమాన్ రాజు పోయినప్పుడు ఔవైయార్ ఏడుస్తూ పాడిన పాట ఉంది. ఆయన తనతో కల్లు పంచుకున్న సంగతిని ఆవిడ అందులో తలుచుకుంటుంది. ఒకటి తప్పంటుంది, ఒకటి ప్రేమకు గుర్తుగా చెబుతుంది. మా మాస్టారు రెండూ చెప్పారు, ఏదీ దాచలేదు. చరిత్ర చెప్పడమంటే అలా అని మా నమ్మకం.

ఇప్పుడు మన యానాంను ఏలిన ఫ్రాన్సు దగ్గరకు వద్దాం. పాలు పులవడం, సారా పులవడం ప్రాణమున్న జీవుల పని అని నిరూపించినవాడు లూయి పాశ్చర్. 1857లో లాక్టిక్ పులుపు మీద, తర్వాత వెనిగర్ మీద, 1876లో బీరు మీద ఆయన పరిశోధనలు అచ్చయ్యాయి. 1870-71 యుద్ధంలో జర్మన్ల చేతిలో ఫ్రాన్సు ఓడిపోయాక, వాళ్ళ బీరుకంటే మంచి బీరు ఫ్రాన్సులో రావాలన్న పట్టుదలతో ఆయన ఆ పని మొదలుపెట్టాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సన్ అనే ఆయన ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన తోడు పెంచాడు. దాంతో ఐరోపాలో కంపెనీలు తాతల నాటి కలగలుపు తోడును వదిలేసి ఒంటరి ఈస్ట్‌కు మారిపోయాయి. రుచి ఎప్పుడూ ఒకేలా వచ్చింది, బీరు చెడిపోవడం తగ్గింది. పులుపు మాత్రం పోయింది.

ఒకటి రెండు చోట్ల నిలబడింది. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లబీరు ఉంది. కాచిన రసాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టిలో గాలికి వదిలేసి, తర్వాత పాత చెక్కపీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ళు ఉంచుతారు. పీపా చెక్కలోనే తోడు నిలవుంటుంది. మన కుండ మట్టిలో ఉన్నట్టే. 1904లో అదే కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన క్లాసెన్ అనే ఆయన, ఇంగ్లీషు పాత బీర్ల ప్రత్యేక వాసనకు కారణమైన ఇంకో ఈస్ట్‌ను కనిపెట్టి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. అంటే కలగలుపు తోడు అనేది మురికి కాదు, అదొక ఊరు, అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో వృత్తి అని వాళ్ళకూ మెల్లగా తెలిసింది.

ఫ్రెంచివారి ఇంకో వలసలో జరిగింది వినండి, ఇది మనకు దగ్గర కథ. మన ఫ్రెంచి ఇండియా వాళ్ళు చాలామంది ఉద్యోగాలకు వెళ్ళిన సైగాన్‌లో 1891లో పాశ్చర్ శిష్యుడు ఆల్బెర్ కాల్మెట్ ప్రయోగశాల పెట్టాడు. అక్కడి పల్లెల్లో బియ్యం సారా చెయ్యడానికి వాడే తోడు బిళ్ళలను పరీక్షించి, అందులో పనిచేసే బూజును వేరుచేశాడు. ఆ జ్ఞానంతో పెద్ద ఫ్యాక్టరీ పద్ధతి తయారైంది. ఆ తర్వాత ఫోంటేన్ అనే వ్యాపారి కంపెనీకి ప్రభుత్వం బియ్యం సారా మీద గుత్తాధిపత్యం ఇచ్చింది. పల్లెల్లో తరతరాలుగా కాచుకుంటున్నవాళ్ళు రాత్రికి రాత్రి నేరస్తులయ్యారు, సోదాలు, జరిమానాలు, జైళ్ళు. జనానికి ఫ్యాక్టరీ సారా రుచే నచ్చలేదు, అయినా కొనక తప్పలేదు. తోడు పల్లెది, లాభం కంపెనీది.

బ్రిటిషువారి వైపు కథ వేరు పేరుతో అదే. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. గీసే చెట్టు చెట్టుకూ పన్ను కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఆ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో రొట్టె కాల్చేవాళ్ళు మైదా పొంగడానికి వాడింది కూడా కల్లే, అంటే దొరల పొద్దుటి రొట్టెకు తోడు మన తాటిచెట్టు మీది నుంచే దిగింది. తర్వాత జాతీయోద్యమం వచ్చింది, గాంధీగారి పిలుపుతో కల్లు మానిపించే పని మొదలైంది. పెరియార్ తన తోటలో కొబ్బరిచెట్లు నరికించిన కథ తమిళనాట తెలియనివారు లేరు. 1937 అక్టోబరులో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చింది. పోయిన ఆదాయం పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. గుమాస్తాలం కాబట్టి ఇలాంటివి మాకు బాగా గుర్తుంటాయి! 1948కల్లా ప్రెసిడెన్సీ మొత్తం నిషేధం వచ్చింది, అప్పట్లో మన చుట్టూ ఉన్న తూర్పుగోదావరి జిల్లాతో సహా.

యానాం మాత్రం అప్పుడు ఫ్రెంచివారి కింద ఉంది. ఆ గీతకు ఇటు కల్లు గీస్తే పని, అటు గీస్తే నేరం. తాటిచెట్టుకు ఆ గీత సంగతి తెలియదు. 1954 నవంబరులో రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. 1వ తేదీన యానాంతో సహా ఫ్రెంచి ప్రాంతాలు భారతదేశం చేతికి వచ్చాయి. 6వ తేదీన అటువైపు ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది, పడగొట్టిన తీర్మానం మద్యనిషేధం గొడవ మీదే. ఆ తర్వాత 1962లో చట్టప్రకారం విలీనం పూర్తయింది, మనం పుదుచ్చేరి లెక్కలోనే ఉండిపోయాం. కల్లు, సారా దుకాణాల వేలంపాటలు మన దగ్గర కొనసాగాయి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి నిషేధం పెట్టి 1997లో సడలించిన ఆ మధ్యకాలంలో యానాం రోడ్లు ఎలా ఉండేవో ఇక్కడి పాతవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆ నిషేధం వెనక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన పోరాటం ఉంది. రోసమ్మ గారి పేరు అందరికీ తెలుసు. వాళ్ళ బాధ నిజం. సాయంత్రం కూలి డబ్బులు సారా కొట్టుకు పోతే పొయ్యి వెలగదు. కాబట్టి మేము ఇక్కడ తాగమని చెప్పడం లేదు, తాగుడును వెనకేసుకు రావడమూ లేదు. కానీ వాళ్ళు తిరగబడింది సారా ప్యాకెట్ల వేలంపాటల మీద. చెట్టెక్కే మనిషి మీద కాదు. ఈ తేడా ప్రభుత్వాలు చాలాసార్లు చూడలేదు. పక్క తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం, ఫ్యాక్టరీలో తయారై సీసాలో వచ్చే మద్యం మాత్రం ప్రభుత్వమే అమ్ముతుంది. ఇంకోవైపు తెలంగాణలో కల్లు పేరుతో మత్తుమందు పొడి కలిపిన నీళ్ళు అమ్మి జనాన్ని ఆసుపత్రులపాలు చేసిన కేసులు ఉన్నాయి. అసలు తోడు ఉన్న కల్లుకు పొడి అక్కర్లేదు. తోడు పోయినచోటే కల్తీ వచ్చింది.

తరవాణి కుండ ఎలా పోయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. మాకు తోచిన కారణం ప్రెషర్ కుక్కర్. మన దేశంలో కుక్కర్ల తయారీ 1959 ప్రాంతంలో మొదలైంది, తర్వాతి ఇరవై ముప్పై ఏళ్ళలో ఊరూరా చేరింది. కుక్కర్లో అన్నం వార్చే పని లేదు. వార్చకపోతే గంజి లేదు. గంజి లేకపోతే కుండకు మేత లేదు. ఎవరూ కుండను కావాలని పగలగొట్టలేదు, అది ఆకలితో పోయింది. తర్వాత ఫ్రిజ్ వచ్చి రాత్రి అన్నాన్ని పులవనివ్వలేదు. ఆడవాళ్ళకు గంజి వార్చే శ్రమ తప్పింది, అది మంచిదే. కాకపోతే మూడు తరాల తోడు ఒక్క ఎండాకాలం సెలవుల్లో ఎండిపోయింది.

లొట్టి పోతున్న దారి వేరు. తాటిచెట్లు ఇళ్ళ స్థలాలకూ రొయ్యల చెరువులకూ పోయాయి. చెట్టు మీది నుంచి జారితే నడుం విరిగి మంచాన పడడమో ప్రాణం పోవడమో. అందుకని గీసేవారు తమ పిల్లల్ని ఆ మోకు ముట్టుకోనివ్వడం లేదు. వాళ్ళను తప్పుపట్టడానికి మనమెవరం? కానీ వాళ్ళతోపాటు పోయేది ఒక పానీయం మాత్రమే కాదు. ఎంత మడ్డి ఉంచాలి, ఎప్పుడు కడగాలి, ఏ చెట్టు రసం తొందరగా పులుస్తుంది, మబ్బు పట్టిన రోజు ఏం చెయ్యాలి, ఈ లెక్కలు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇప్పుడు మన సంఘం సంగతి. రాబోయే సంచికలో పాత తిండి గురించి ఒక భాగం ఉండాలని అనుకున్నాం. జాబితాలో తరవాణి ఎవరూ అడగకుండానే చేరిపోయింది. కల్లు మాట రాగానే "అది మనకెందుకండీ, బాగుండదు" అన్నారు కొందరు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదని మాకు తెలుసు. ఇంట్లో పిల్లలు చదివే సంచిక అనే జాగ్రత్త. అయినా మేము ఒప్పుకోలేకపోతున్నాం. ఒక కుండ వంటింట్లో మడిగా ఉంది కాబట్టి సంప్రదాయం, ఇంకో కుండ చెట్టు మీద ఉంది కాబట్టి సిగ్గు, ఇదెక్కడి లెక్క? రెండింట్లోనూ ఉన్నది అదే జాతి జీవులు, అదే పద్ధతి, అదే ఓపిక. తేడా కుండలో లేదు, దాన్ని పట్టుకున్న చేతుల్ని మనం చూసే చూపులో ఉంది. మన ఊరి పేరు అగ్రహారం అయినంత మాత్రాన మన చరిత్ర ఒక్క వంటింటిది కాదు కదా. తరవాణి తిని బడికి పోయిన పిల్లలూ, తండ్రి గీసిన కల్లు డబ్బులతో ఫీజు కట్టిన పిల్లలూ ఇద్దరూ ఈ గోదావరి ఒడ్డువాళ్ళే.

మా విన్నపం ఇది. సంచికలో రెండింటినీ పక్కపక్కన వేద్దాం. తాగమని రాయనక్కర్లేదు. ఎలా చేసేవారు, ఎవరు చేసేవారు, ఎందుకు ఆగిపోయింది అన్నది రాద్దాం. తరవాణి కుండ నడిపిన పెద్దమ్మలను, అత్తయ్యలను ఒకరిద్దరిని అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకుందాం. చెట్టెక్కడం మానేసిన పెద్దవాళ్ళ దగ్గరకు కూడా అదే మర్యాదతో, కుర్చీ వేసుకుని కూర్చుని, లొట్టి సంగతులు అడుగుదాం. వీళ్ళందరికీ ఇప్పుడు డెబ్బై ఎనభై దాటాయి. పుస్తకంలో లేని విద్య మనిషితోనే పోతుంది, దానికి రెండో కాపీ ఉండదు.

ఇంకో చిన్న మాట. ఎవరింట్లోనైనా ఇప్పటికీ గంజి వార్చే అలవాటు ఉంటే, ఒక చిన్న మట్టికుండ తెచ్చి తరవాణి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చట్టం ఏమీ అనదు. మొదటి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. పైన బూజు కట్టినా, పుల్లవాసన కాకుండా కుళ్ళు వాసన వచ్చినా పారబోసి, కుండ కడిగి, ఎండబెట్టి మళ్ళీ పెట్టండి. మంచి పుల్లవాసన వచ్చాక పక్కింటివాళ్ళకు ఒక గ్లాసు తోడు ఇవ్వండి. మీ కుండ ఎప్పుడైనా పోతే వాళ్ళ దగ్గర తెచ్చుకోవచ్చు. పూర్వం ఇళ్ళు చేసింది అదే. పెరుగుకు తోడు అడగడానికి పక్కింటి గుమ్మం ఎక్కని ఇల్లు మన వీధిలో ఒక్కటైనా ఉండేదా చెప్పండి?

మీ ఇళ్ళల్లో తరవాణి గురించి, కలి గురించి, కల్లు గురించి పెద్దవాళ్ళు చెప్పిన సంగతులు ఏమైనా ఉంటే కింద రాయండి. మేము అన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాం. సంచిక విషయం వచ్చే సమావేశంలో మళ్ళీ మాట్లాడుకుందాం. అందరూ రండి.